జాలీ విరిగింది

ఈసారి సంపాదకీయం మా మరుగుదొడ్డి నేల మీది జాలీ గురించి. నవ్వుకున్నా ఫరవాలేదు. రెండు నెలలుగా అది నన్ను నిద్రపోనివ్వలేదు.

మాది అద్దె ఇల్లు, మేడ మీద వాటా. స్నానానికీ దొడ్డికీ ఒకటే గది. నీళ్లు పోయే చోట ఉన్న జాలీ తుప్పు పట్టి విరిగింది. దాని చుట్టూ సిమెంటు లేచిపోయింది. వాసన, బొద్దింకలు సరే, కింద వాటాలోకి చెమ్మ దిగుతోందని కింద ఉండే ఆవిడ వచ్చి చెప్పింది. ఆవిడ నాకే చెప్పింది, మా ఆయనకు కాదు. ఇంటివాళ్లు "మీరే చూసుకోండి" అన్నారు.

ప్లంబరు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. వంగి చూసి, "కొత్తదైతే పెడతానమ్మా. వాడిన దొడ్లో చెయ్యి పెట్టను. దానికి వేరే వాళ్లుంటారు" అన్నాడు. ఎవరని అడిగాను. మనిషి పేరు చెప్పలేదు, ఒక పేట పేరు చెప్పాడు. ఆ పేటలో ఏ కులంవాళ్లుంటారో ఊళ్లో అందరికీ తెలుసు.

నాకు కోపం వచ్చింది. సభల్లో నేను చెప్పే మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. పాకీపని చేయించడాన్ని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. అది చాలక 2013లో మరొకటి వచ్చింది. మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. ఇవన్నీ ఆ కుర్రవాడికి చెప్పబోయి ఆగాను. ఆ గదిని రోజూ కడిగేది నేనా?

సరే, నేనే చేస్తానన్నాను. రబ్బరు తొడుగులు, ఉలి, సుత్తి, పాత చెంచా. జాలీ తీసి, ఊడిన సిమెంటును గట్టిది తగిలేదాకా చెక్కాను. లోపల జుట్టూ సబ్బుజిడ్డూ కలిసి ముద్దకట్టాయి, చెంచాతో తోడాను. (బ్లీచింగ్ పొడి చల్లితే దాని మీద యాసిడ్ పొయ్యకండి. వచ్చే విషవాయువు ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. తలుపు మూసి దొడ్లు కడిగే మన ఆడవాళ్లకు ఈ మాట సీసా అమ్మేవాడు చెప్పడు.) అప్పుడు తెలిసింది అసలు సంగతి. జాలీ కింద ఒక గిన్నెలాంటిది ఉండాలి. అందులో నిలిచే కొద్దిపాటి నీళ్లే మూతలా పనిచేసి, గొట్టంలోని కంపును పైకి రానివ్వవు. నీళ్లు త్వరగా పోవడంలేదని నాలుగేళ్ల కింద ఆ గిన్నెను తీసి పారేసింది నేనే. ఇన్నాళ్లూ వాసన వస్తే సరిగ్గా కడగలేదని వేరే మనిషిని అన్నాను.

కొత్త గిన్నె, కొత్త జాలీ కొన్నాను. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుక, కాస్త వాటర్‌ప్రూఫ్ పొడి కలిపి అంచు పూడ్చాను. నీళ్లు జాలీ వైపు జారేలా వాలు తీశాను. ఆరాలని రెండు రోజులు గది వాడలేదు. కింద ఆవిడ వాళ్లింటికి వెళ్లాం.

రెండో రోజు పొద్దున మా ఇంట్లో పనిచేసే ఆమె అడిగింది: "అమ్మా, మీరు కింద వాళ్లింటికి వెళ్తున్నారా?" అంతే. ఇంకేమీ అనలేదు.

ఆమె ఆరు గంటలకు వస్తుంది. నాలుగిళ్లు చేసుకుని ఒంటిగంటకు తన ఇల్లు చేరుతుంది. ఏడేళ్లుగా మా దొడ్డి కడుగుతోంది. ఒక్కసారీ వాడలేదు. నేను వద్దనలేదు, వాడమనీ అనలేదు. పొద్దున నీళ్లు తాగనని ఆమె ఎప్పుడో చెబితే అలవాటేమో అనుకున్నాను. మూత్రం ఆపుకుంటే జబ్బులొస్తాయని మన ఆరోగ్య శిబిరాల్లో చెప్పేదాన్నీ నేనే.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఆడ కార్మికులకు వేరే మరుగుదొడ్లుండాలని రాశారు. పనిచోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం ఇంటిని కూడా పనిచోటుగానే చూసింది. మరి ఆ పనిచోట దొడ్డి ఎవరిది? ఇంటిపనివాళ్ల కోసం మనం రాసే కోర్కెల పత్రాల్లో జీతం ఉంటుంది, వారానికో సెలవు ఉంటుంది. ఇది రాసిన గుర్తు నాకు లేదు. రాయాల్సిన వాళ్లలో చాలామంది ఇళ్లల్లో ఇదే పరిస్థితి కాబట్టేనేమో. ఈ సంచిక చదివాక మీ ఇంట్లో ఏం జరుగుతోందో రాయండి. పేర్లు లేకుండానే వేస్తాం.

ఆమెకు ఆ రోజే చెప్పాను. నవ్వింది, "ఎందుకులేమ్మా" అంది. జాలీ పెట్టి నెల దాటింది. ఇప్పటికి రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ బయటికి వచ్చేముందు, నేను వద్దంటున్నా, నేలంతా బక్కెట్టు నీళ్లతో కడిగింది.