సున్నా నివేదికకూ పరీక్ష కావాలి

రోగం లేకనా.. రాయకనా? వ్యాధుల నిఘాకు కొలమానం కరవు

తొలకరి పడగానే పల్లెల్లో జ్వరాల కాలం మొదలవుతుంది. ఆస్పత్రి వరండాల్లో సెలైన్లు ఎక్కించుకుంటున్న రోగులు ఒకవైపు, ‘పరిస్థితి అదుపులోనే ఉంది’ అనే అధికారిక ప్రకటన మరోవైపు కనిపించడం ఏటా పరిపాటిగా మారింది. ఈ రెండింటిలో ఏది నిజమన్న సందేహం సామాన్యుడికి కలుగుతుంది. ప్రకటన చేసిన అధికారి అబద్ధమాడి ఉండకపోవచ్చు. తన ముందున్న కాగితంలోని అంకెనే ఆయన చదివి ఉంటారు. ఆ అంకె ఎలా పుట్టిందన్నదే అసలు ప్రశ్న. వ్యాధుల లెక్కలు సేకరించే యంత్రాంగం ప్రతి జిల్లాలోనూ ఉంది. ఆ లెక్కలు ఎంతవరకు నమ్మదగినవో తూచి చూసే అలవాటు మాత్రం బలపడలేదు.

లెక్క పుట్టేది ఇలా..

2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు లక్షణాలతో 329 మంది పిల్లలు మంచాన పడగా, వారిలో 183 మంది కన్నుమూశారు. చండీపుర వైరస్ ఇందుకు కారణమని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు తేల్చారు. మరుసటి ఏడాది, అంటే 2004 నవంబరులో, ప్రపంచబ్యాంకు సాయంతో సమగ్ర వ్యాధుల నిఘా ప్రాజెక్టును కేంద్రం ప్రారంభించింది. ఐడీఎస్‌పీగా పిలిచే ఈ ప్రాజెక్టు తొలి విడతలోనే మన రాష్ట్రం చేరింది.

ఇందులో మూడు రకాల ఫారాలు ఉంటాయి. గ్రామంలో ఏఎన్‌ఎం లక్షణాలను బట్టి నింపేది ఎస్ ఫారం. వైద్యుడు పరీక్షించి నింపేది పి ఫారం. ప్రయోగశాల నిర్ధారణతో వచ్చేది ఎల్ ఫారం. ఇవన్నీ వారానికోసారి జిల్లా నిఘా విభాగానికి చేరేవి. కాగితాల స్థానంలో ట్యాబ్‌లు, కంప్యూటర్ల ద్వారా వివరాలు పంపే కొత్త వేదిక 2018 నవంబరులో కొన్ని రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. వాటిలో రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో దీనిని దేశమంతటికీ విస్తరించారు. అంతకుముందు 18గా ఉన్న వ్యాధుల జాబితా 33కు పెరిగింది. సమాచార వేగం పెరిగిన మాట నిజమే. వేగంతో పాటు నాణ్యత పెరిగిందా అన్నది వేరే లెక్క.

నూటికి నూరు.. అయినా శూన్యం

ఎన్ని కేంద్రాలు సకాలంలో నివేదిక పంపాయన్న శాతాన్ని సమీక్షల్లో ప్రధానంగా చూస్తారు. ప్రతి వారం తప్పకుండా సున్నాలు నింపి పంపే కేంద్రానికీ ఈ లెక్కన నూటికి నూరు మార్కులు దక్కుతాయి. ఆ సున్నాలో రెండు అర్థాలు ఇమిడి ఉన్నాయి. ఇల్లిల్లూ తిరిగి వెతికినా రోగి దొరకలేదన్నది ఒకటి. అసలు వెతకలేదన్నది రెండోది. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

కేసులు ఎక్కువ చూపిన చోట సంజాయిషీ అడిగి, తక్కువ చూపిన చోట మెచ్చుకుంటే కింది స్థాయి సిబ్బంది ఏం నేర్చుకుంటారో ఊహించడం కష్టం కాదు. మలేరియా దీనికి మంచి ఉదాహరణ. ఏటా జనాభాలో కనీసం 10 శాతం మందికి రక్తపరీక్షలు జరగాలన్నది ఆ కార్యక్రమంలో ఏనాటి నుంచో ఉన్న ప్రమాణం. పరీక్షలు సగానికి తగ్గిస్తే కేసులూ తగ్గుతాయి. అంతమాత్రాన దోమ తగ్గినట్లు కాదు.

పోలియో నేర్పిన పాఠం

ఈ చిక్కుముడిని విప్పిన అనుభవం మన దేశానికే ఉంది. పోలియో నిర్మూలనలో రోగాన్ని లెక్కించడంతో సరిపెట్టలేదు. నిఘానే లెక్కగట్టారు. పోలియో లేకపోయినా ఇతర కారణాలతో కొందరు పిల్లలకు కాళ్లూ చేతులూ హఠాత్తుగా చచ్చుబడతాయి. 15 ఏళ్లలోపు పిల్లల్లో లక్షకు ఏటా కనీసం ఇద్దరు ఇలాంటి వారిని గుర్తించాలని మన దేశం లక్ష్యంగా పెట్టుకుంది. జిల్లాలో 5 లక్షల మంది పిల్లలుంటే కనీసం 10 మంది కనపడాలి. ఇద్దరే కనపడితే ‘మా జిల్లా ఆరోగ్యంగా ఉంది’ అనడానికి వీల్లేదు. అక్కడ నిఘా నిద్రపోతోందని అర్థం. గుర్తించిన వారిలో 80 శాతం మంది నుంచి, పక్షవాతం వచ్చిన 14 రోజుల్లోగా, 24 గంటల వ్యవధితో రెండు మల నమూనాలు తీయాలన్నది మరో ప్రమాణం. వీటికి తోడు వైద్యాధికారులు ఆస్పత్రులకు వెళ్లి రిజిస్టర్లు తిరగేసేవారు. 2011 జనవరి తర్వాత దేశంలో పోలియో కేసు లేదన్న మాటను ప్రపంచం నమ్మి, 2014 మార్చిలో ధ్రువీకరణ ఇచ్చిందంటే ఈ కొలమానాలే ప్రధాన కారణం. కనిపెట్టలేకపోవడాన్ని అక్కడ తప్పుగా ఎంచారు. మిగతా వ్యాధుల విషయంలో కనిపెట్టినవారే బోనెక్కాల్సి వస్తోంది.

ఎవరి లెక్క వారిదే

డెంగీ విషయంలో గందరగోళం మరీ ఎక్కువ. ప్రైవేటు ఆస్పత్రిలో కార్డు పరీక్ష చేసి డెంగీ అంటారు. ఎలీసా పరీక్షలో తేలితేనే ప్రభుత్వం లెక్కలోకి తీసుకుంటుంది. కార్డు పరీక్ష పొరబడే అవకాశం ఉన్నందున ఈ నిబంధన సబబే. అయితే ఎలీసా సౌకర్యం ఉన్న కేంద్రానికి నమూనా చేరకపోతే ఆ రోగి ఏ లెక్కలోనూ ఉండడు. ప్రైవేటు నుంచి ఎన్ని అనుమానిత కేసులు వచ్చాయి, వాటిలో ఎన్నింటి నమూనాలు ఎలీసాకు చేరాయి అన్న వివరం లేకుండా నిర్ధారిత కేసుల సంఖ్య ఒక్కటే ప్రకటిస్తే అది సగం నిజమే అవుతుంది.

మరణాల లెక్క ఇంతకంటే సున్నితమైనది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలినప్పుడు మృతుల్లో ఎందరు ఆ వ్యాధితో, ఎందరు ఇతర రుగ్మతలతో మరణించారన్నదానిపై అధికారులది ఒక మాట, విపక్షానిది మరో మాట అయింది. నమ్మదగిన లెక్క ముందే ఉంటే ఇంతటి వాదులాటకు తావుండేది కాదు.

ఏ గడిలోనూ ఇమడని జబ్బు

2020 డిసెంబరు తొలివారంలో ఏలూరులో ఉన్నట్టుండి జనం మూర్ఛతో పడిపోయారు. కొద్దిరోజుల్లోనే బాధితుల సంఖ్య 600 దాటింది. జాబితాలోని ఏ వ్యాధికీ ఆ లక్షణాలు సరిపోలేదు. పురుగుమందుల అవశేషాలు కారణం కావచ్చని నిపుణులు ఆ తర్వాత చెప్పారు. పాత ఎస్ ఫారంలో ‘అసాధారణ లక్షణాలు’ అన్న వరుస ఒకటి ఉండేది. ఇలాంటి రోజు కోసమే అది ఉంది. ఆ వరుసను ఏడాది పొడవునా ఖాళీగా వదిలే అలవాటున్న చోట ఇలాంటి జబ్బు చిన్నగా మొదలైతే ఎవరి కంటా పడదు.

చేయాల్సింది ఇదీ

ఖర్చు లేని పనులే చాలా ఉన్నాయి. వరుసగా కొన్ని వారాలు సున్నా పంపిన ప్రతి కేంద్రానికీ ఒక అధికారి వెళ్లి ఓపీ రిజిస్టరుతో సరిపోల్చాలి. అనుమానిత కేసుల్లో ఎన్నింటికి నమూనాలు తీశారో, ఫలితం ఎన్ని రోజులకు వచ్చిందో కేసుల సంఖ్యతో పాటే ప్రకటించాలి. వ్యాధి ప్రబలిన 7 రోజుల్లో గుర్తించడం, 1 రోజులో పైవారికి తెలపడం, మరో 7 రోజుల్లో తొలి చర్యలు పూర్తిచేయడం అన్న కొలమానాన్ని 2021లో అంతర్జాతీయ నిపుణులు ప్రతిపాదించారు. దాన్ని మండల స్థాయిలోనూ అమలుచేసి చూడవచ్చు.

పత్రికల్లో వచ్చే వ్యాధుల వార్తలను గమనించి నిజానిజాలు తేల్చేందుకు ఐడీఎస్‌పీలో 2008 నుంచి ఒక విభాగం ఉంది. గత ఏడాది జిల్లాలో ప్రబలిన వ్యాధుల్లో ఎన్నింటిని నిఘా యంత్రాంగం ముందుగా పసిగట్టింది, ఎన్ని పత్రికలో వచ్చాక తెలిశాయి? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాస్తే నాణ్యత ఏపాటిదో తేలిపోతుంది. అన్నింటికంటే ముందు, కేసును దాచకుండా రాసిన ఏఎన్‌ఎంకు సంజాయిషీ నోటీసు రాదన్న భరోసా కావాలి. రాబోయే సమీక్షలో ‘కేసులు ఎందుకు పెరిగాయి’ అన్న ప్రశ్నతో పాటు ‘ఈ సున్నా ఎలా వచ్చింది’ అని కూడా అధికారులు అడిగితే, వానాకాలంలో పల్లె జనానికి కొంతైనా మేలు జరుగుతుంది.