మాసిపోయిన తొలి రూపములు

నాటకమునకు పూర్వాభ్యాసము ఎట్టిదో చలనచిత్రమునకు స్క్రీన్ టెస్టు అట్టిది. నటునకు వేషము వేయించి, దీపముల వెలుగున కెమెరా ముందు నిలిపి, కొంత ఫిల్ము తీసి చూచుకొందురు. వేషము నప్పినచో చిత్రము సాగును. నప్పనిచో వేషమో, నటుడో మారును. పని తీరిన పిమ్మట ఆ ఫిల్ముతో ఎవరికిని నిమిత్తము లేదు. అది ప్రేక్షకునకు చూపునది కాదు, అంగడిలో అమ్మునది కాదు. కనుకనే ఇట్టివి సులభముగా నశించినవి. నశించినదానిని గూర్చి నేడు చర్చ యేల యని అడుగవచ్చును. అట్టి నష్టమే మన ఇంట మరింత పెద్దదై యున్నది. అందుచే ఈ చర్చ.

భయానక రసమునకు పేరుగన్న అమెరికా చిత్రములలో 'ఫ్రాంకెన్‌స్టైన్' ఒకటి. శవముల ఖండములు కూర్చి ఒక శాస్త్రజ్ఞుడు ప్రాణము పోసిన వికృతాకారుని కథ అది. 1931 నవంబరులో విడుదలైన ఆ చిత్రమున ఆ పాత్ర ధరించినవాడు బోరిస్ కార్లాఫ్. దర్శకుడు జేమ్స్ వేల్. కాని అదే సంవత్సరము జూన్ నెలలో యూనివర్సల్ సంస్థ మనసులో నున్న నటుడు వేరు. అతడు 'డ్రాక్యులా'తో అప్పుడే ఖ్యాతి గడించిన బేలా లుగోసీ. రాబర్ట్ ఫ్లోరీ దర్శకత్వమున, డ్రాక్యులా సెట్టులోనే, రెండు రీళ్ళ టెస్టు తీసిరి. ఆ రెండు రీళ్ళు నేడు లేవు.

అందు లుగోసీ వేషము ఎట్లుండెను? అందులో నటించిన ఎడ్వర్డ్ వాన్ స్లోన్, తలపై పెద్ద విగ్గు, మట్టిబొమ్మవలె నిగనిగలాడు చర్మము ఉండెనని చెప్పెను. కెమెరా నడిపిన పాల్ ఇవానో, అది తరువాతి కార్లాఫ్ వేషమునకు దగ్గరగా ఉండెనని చెప్పెను. ఇద్దరును కన్నులార చూచినవారే. ఫిల్ము పోయిన వెనుక జ్ఞాపకమే ప్రమాణము. ఆ ప్రమాణము రెండు నోళ్ళతో మాటాడుచున్నది.

ఇట్టి నాశనమునకు కారణములు స్పష్టము. ఆనాటి ఫిల్ము నైట్రేట్ పదార్థముతో తయారైనది. అది త్వరగా అంటుకొనును. అంటుకొన్నచో నీటిలో ముంచినను ఆరదు. అగ్నికి చిక్కనిది కాలక్రమమున జిగురై, పొడియై రాలిపోవును. మిగిలినదానిని కరగించి వెండి తీసికొనిన వారును కలరు. అమెరికాలో తీసిన మూకీ కథాచిత్రములలో తొలి రూపమున సంపూర్ణముగా నిలిచినవి నూటికి 14 మాత్రమేయని అక్కడి కాంగ్రెస్ గ్రంథాలయము 2013లో ప్రకటించెను.

అయినను పోయినదాని జాడ తెలిసికొను మార్గము ఒకటి కలదు. లాన్ చానీ నటించిన 'లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' 1927 నాటి భయానక చిత్రము. దాని చివరి ప్రతి 1965లో అగ్నికి ఆహుతియైనది. కాని నిర్మాణ సమయమున తీసిన నిశ్చల ఛాయాచిత్రములు మిగిలినవి. వానిని వరుసగా కూర్చి 2002లో ఆ కథను మరల తెరపై చూపిరి. అది చిత్రము కాదు, చిత్రము యొక్క నీడ. కాని ఏమియు లేకుండుటకంటె నీడ మేలు గదా!

ఇక మన సంగతి. వారు టెస్టులను పోగొట్టుకొనిరి; మనము పూర్తి చిత్రములనే పోగొట్టుకొంటిమి. రఘుపతి వెంకయ్య, ప్రకాశ్ తండ్రికొడుకులు మద్రాసులో తీసిన 'భీష్మప్రతిజ్ఞ' నేడు లభ్యము కాదు. హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కును అదే గతి. కంబము నుండి నరసింహుడు వెలువడి హిరణ్యకశిపుని చీల్చుట భయానక, రౌద్ర రసములకు మన పురాణములలో పరాకాష్ఠ. హిరణ్యకశిపుడుగా మునిపల్లె సుబ్బయ్య, లీలావతిగా సురభి కమలాబాయి నటించిరి. మన తెరపై తొలిసారి పలికిన ఆ కంఠములను ఆ చిత్రమున నేడు వినజాలము.

దీని ఫలితము ఎంతవరకు పోయినదో గమనింపుడు. ఆ చిత్రము 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని దశాబ్దముల పర్యంతము వ్రాసికొంటిమి. పత్రికా రచయిత రెంటాల జయదేవ పాత పత్రికలను, సెన్సారు వివరములను గాలించి, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైనదని నిరూపించెను. మన టాకీ పుట్టినరోజును నిర్ణయించుటకు చిత్రము అక్కరకు రాలేదు. పాత కాగితములు అక్కరకు వచ్చినవి.

ప్రభుత్వము చేతులు ముడిచికొని కూర్చుండలేదు. జాతీయ ఫిల్ము భాండారము 1964లో పూణేలో వెలసినది. అచ్చట 2003 జనవరిలో జరిగిన అగ్నిప్రమాదమున పెక్కు నైట్రేట్ ఫిల్ములు దగ్ధమైనవి. 2022లో ఆ భాండారమును జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనము చేసిరి. ఆ యేడే సుమారు 2,200 చిత్రముల పునరుద్ధరణకు 363 కోట్ల రూపాయలు కేటాయించినట్లు ప్రకటించిరి. ఇది హర్షింపదగినది. అయితే ధనము ఉన్న ఫిల్మును బాగుచేయగలదు. లేని ఫిల్మును సృష్టింపజాలదు. లేనిదానికి నీడ పట్టవలెనన్న ఛాయాచిత్రములు, గోడపత్రికలు, పాటల పుస్తకములు కావలెను. అవి ఎచ్చటనున్నవి? ఊరూర, పెట్టెల అడుగున, అటకల మీద నున్నవి. భాండారము ఊరూర తిరుగజాలదు. బడి మాత్రము ఊరూర నున్నది.

ఈ మాట దేవరుప్పుల వంటి మండలమునకు క్రొత్త కాదు. ఈ మండలములోని కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. ఆ కథను పాట మోసికొని వచ్చినది. ఈ ప్రాంతమునకు దూరము కాని చేర్యాలలో నకాషీ చిత్రకారులు కులపురాణములను పొడవైన పటములపై వ్రాయుదురు. కథకుడు పటమును కొంచెము కొంచెముగా విప్పుచు కథ చెప్పును. ఒక బొమ్మ వెంట మరొక బొమ్మగా నడచు ఆ పటము సినిమాకు పెద్దన్న వంటిది. పాతది చిరిగినచో క్రొత్తది వ్రాయించుకొనుట ఆ కథకుల రివాజు. నేటి భాండారములు చేయునదియు ఇదియే: శిథిలము కాకమునుపే ప్రతి తీయుట.

ఉపాధ్యాయులు పూనుకొన్నచో విద్యార్థులు చేయగల పని స్వల్పము కాదు. పాత పాటల పుస్తకమో, నాటకపు కరపత్రమో, వేషములో నున్న తాతగారి ఫొటోయో దొరికినచో దానిని పారవేయనీయరాదు. ఎవరిది, ఏ ఊరిది, ఏ యేటిదో వెనుక పెన్సిలుతో వ్రాయవలెను. ఫోనుతో నకలు తీసి, అసలును పొడిగా నున్న చోట దాచవలెను. పాత రీలు దొరికినచో యంత్రమున త్రిప్పరాదు, బడిలో ఉంచరాదు; నిప్పుకు దూరముగా ఉంచి భాండారమునకు తెలుపవలెను. అక్టోబరు 27 ప్రపంచ శ్రవణ దృశ్య వారసత్వ దినము. ఆనాడు బడిలో ఇట్టి వస్తువులతో చిన్న ప్రదర్శన పెట్టినను చాలును.

పనికిరాదని పారవేసిన రెండు రీళ్ళ కొఱకు నేడు పండితులు వెదకుచున్నారు. పనికివచ్చునదియేదో, రానిదియేదో నిర్ణయించు అధికారము వర్తమానమునకు లేదు. అది రాబోవు తరమువారిది. వారు నిర్ణయించుకొనుటకు ఏదైన మిగిల్చి యుంచుట మన ధర్మము.