టమాటాకు రెండు మార్కెట్లు చూస్తారు.. కాలేజీకి ఒక్క ఫ్లెక్సీ చాలా?

రామసముద్రం: టమాటా కోతకొచ్చిందంటే రామసముద్రం రైతు ముందు ఫోన్ తీస్తాడు. మదనపల్లెలో బాక్సు ఎంత పోయింది, కోలార్‌లో ఎంత పలికింది అని కనుక్కుంటాడు. బండి బాడుగ, కమీషన్ లెక్కేసుకున్నాకే ఎటు తోలాలో తేల్చుకుంటాడు. అదే ఇంట్లో కొడుకో కూతురో ఇంటర్ పాసైతే మాత్రం ఈ లెక్క కనిపించదు. బస్టాండ్ దగ్గర ఫ్లెక్సీ, ఇంటికొచ్చిన కాలేజీ పీఆర్వో మాట, ‘మన పక్కింటి పిల్లోడు అక్కడే చేరినాడు కదా భాయ్’ అన్న భరోసా.. వీటితోనే నాలుగేళ్ల చదువు ఖరారైపోతోంది.

చుట్టుపక్కల కాలేజీలకు కొదవ లేదు. మదనపల్లెలో 1915లో అనీ బెసెంట్ చొరవతో మొదలైన బీటీ కాలేజీ ఉంది. ఊరి పొలిమేరలో అంగళ్లు వైపు ఇంజినీరింగ్ చదువులున్నాయి. కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం, పీఈఎస్ మెడికల్ కాలేజీ ఉన్నాయి. ఉర్దూ మీడియం పిల్లలకు కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ యూనివర్సిటీ, కడపలో మనూ పాలిటెక్నిక్ ఉన్నాయి. కాలేజీలు ఇన్ని ఉన్నా వాటిని పక్కపక్కన పెట్టి చూసే అలవాటే తక్కువ.

సీటు ఒకటే, ఖర్చు వేరు

ముందు చూడాల్సింది కాలేజీ పేరు కాదు, సీటు ఏ కోటాలో వస్తోందన్నది. ఏపీలో ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు ఈఏపీసెట్ కన్వీనర్ కోటాలో, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటాలో నిండుతాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాకే. ‘ఇప్పుడే సీటు బుక్ చేసుకోండి, ఫీజు తర్వాత చూసుకుందాం’ అని జూన్‌లోపే సంతకం పెట్టిస్తే, ఆ ఇంటికి ప్రభుత్వ సాయం దారి మూసుకుపోయినట్టే. డీమ్డ్ యూనివర్సిటీల్లో నేరుగా చేరినా ఇదే పరిస్థితి.

రిజర్వేషన్ దగ్గరా పొరపాట్లు జరుగుతున్నాయి. 2007 చట్టంతో వచ్చిన 4 శాతం బీసీ-ఈ రిజర్వేషన్ ముస్లింలందరికీ కాదు. సయ్యద్, మొఘల్, పఠాన్ తదితర వర్గాలు ఆ జాబితాలో లేవు. వాళ్లు ఆదాయ పరిమితిలో ఉంటే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ముందే తెచ్చుకోవాలి. కౌన్సెలింగ్ మొదలయ్యాక మండలాఫీసు చుట్టూ తిరిగితే ఆ వారం రోజుల్లోనే సీటు చేజారుతుంది.

సరిహద్దులో ఇంకో చిక్కు

రామసముద్రం దాటితే కర్ణాటకే. అందుకే పదో తరగతి కాగానే పిల్లల్ని అటువైపు పీయూసీకి పంపే ఇళ్లున్నాయి. ఏపీ కాలేజీల్లో 85 శాతం సీట్లు స్థానికులకే. ఈ ప్రాంతం ఎస్వీ యూనివర్సిటీ పరిధిలోకి వస్తుంది. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఆ పరిధిలోనే చదివి ఉండటం స్థానికతకు ప్రధాన నిబంధన. రెండేళ్లు అవతల చదివితే ఇక్కడ స్థానికత చిక్కులో పడుతుంది. పోనీ అక్కడివాళ్లుగా లెక్కలోకి వస్తారా అంటే, కర్ణాటక సీఈటీకి సాధారణంగా అక్కడ కనీసం ఏడేళ్లు చదివి ఉండాలి. చివరికి రెంటికీ చెడ్డ రేవడి పరిస్థితే. ఇంజినీరింగ్ కాలేజీ ఎంపిక నిజానికి పదో తరగతి తర్వాతే మొదలవుతుందని ఈ ఊళ్లలో చెప్పేవారు తక్కువ.

గ్రేడు చూసి మోసపోవద్దు

ఫ్లెక్సీ మీద పెద్దక్షరాల్లో కనిపించేది న్యాక్ గ్రేడు. అది మొత్తం కాలేజీకి ఇచ్చేది. పిల్లాడు చేరబోయే బ్రాంచ్ ఎలా ఉందో అది చెప్పదు. బ్రాంచ్‌కు గుర్తింపు ఇచ్చేది ఎన్‌బీఏ. సివిల్‌కు ఎన్‌బీఏ ఉండి కొత్తగా పెట్టిన ఏఐ బ్రాంచ్‌కు లేకపోవచ్చు. ఫ్లెక్సీ మీద మాత్రం రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. పైగా 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఓ విద్యాసంస్థకు మంచి గ్రేడు కోసం లంచాలిచ్చారన్న ఆరోపణపై న్యాక్ తనిఖీ బృందంలోని వారినే సీబీఐ అరెస్టు చేసింది. గ్రేడు మొదటి మెట్టు మాత్రమే. అదే చివరి మాట అనుకోకూడదు.

కాలేజీ తనంతట తాను చెప్పుకునే మాటకు, చెప్పక తప్పని మాటకు తేడా ఉంది. ‘హయ్యెస్ట్ ప్యాకేజీ 40 లక్షలు’ అన్నది మొదటి రకం. అది ఒక్కరికే వచ్చి ఉండొచ్చు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కు దరఖాస్తు చేసిన కాలేజీలు సమర్పించే లెక్కలు రెండో రకం. ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యస్థ జీతం ఎంత అన్నవి అందులో ఉంటాయి. మధ్యస్థ జీతం అంటే సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ అని. మామూలు విద్యార్థికి ఏం దక్కుతుందో తెలిసేది అక్కడే. ఈ లెక్కలు ఫోన్‌లో ఉచితంగా దొరుకుతాయి.

అలాగే గత ఏడాది ఏ కాలేజీలో, ఏ బ్రాంచ్‌లో, ఏ కేటగిరీకి ఎంత ర్యాంకు దాకా సీటొచ్చిందన్న వివరాలు ఈఏపీసెట్ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. బీసీ-ఈ పిల్లలు బీసీ-ఈ ర్యాంకులు, ఆడపిల్లలు తమ వరుసలోని ర్యాంకులే చూడాలి.

ఆప్షన్లు ఎవరు పెడుతున్నారు?

అసలు నష్టం వెబ్ ఆప్షన్ల దగ్గర జరుగుతోంది. పాస్‌వర్డ్‌తో సహా అన్నీ నెట్ సెంటర్ అబ్బాయి చేతిలో పెట్టి ‘నువ్వే చూడన్నా’ అనేవాళ్లు ఎక్కువ. కంప్యూటర్ ఆప్షన్లను పైనుంచి కిందికి చూస్తూ, ర్యాంకుకు అందే మొదటి సీటు దగ్గర ఆగిపోతుంది. కాబట్టి వరుసే నిర్ణయం. ‘రాదులే’ అని మంచి కాలేజీని కింద పెడితే, వచ్చే అవకాశమున్నా పోగొట్టుకున్నట్టే. ముందు రోజు రాత్రి ఇంట్లోనే కాగితం మీద వరుస రాసుకుని తీసుకెళ్లడం మంచిది.

ఆడపిల్లల విషయంలో చాలా ఇళ్లలో ‘దగ్గరుంటే చాలు’ అన్నదొక్కటే కొలమానం. అమ్మానాన్నల భయం అర్థం చేసుకోవాల్సిందే. కానీ కాలేజీ జరిగే రోజు వెళ్లి హాస్టల్ చూసి, చివరి బస్సు ఎన్నింటికో కనుక్కుని, ఫైనలియర్ అమ్మాయిలతో మాట్లాడితే ఆ భయంలో ఎంత నిజముందో తేలుతుంది. చూడకుండా వద్దంటే నష్టపోయేది ఆ అమ్మాయే.

చేరాక మనసు మారినా దారులున్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర అట్టిపెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ స్పష్టం చేసింది. సర్టిఫికెట్లు పరిశీలించి వెనక్కి ఇచ్చేయాలి. క్యాపిటేషన్ ఫీజును మన రాష్ట్రంలో 1983 చట్టమే నిషేధించింది. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగడం విద్యార్థి హక్కు.

టమాటా ధర ఈ వారం పడిపోతే వచ్చే కోతలో కోలుకోవచ్చు. నాలుగేళ్ల చదువుకు రెండో కోత ఉండదు. కూలి చేసి, ఆటో తోలి చదివించే ఇంట్లో ఒక్క తప్పు ఎంపిక తర్వాతి పిల్లల చదువును కూడా మింగేస్తుంది. ఫ్లెక్సీ ముందు ఆగే ఆ ఐదు నిమిషాలకు తోడు, ఫోన్ ముందు ఒక్క సాయంత్రం కూర్చుంటే ఆ తప్పును చాలావరకు ఆపొచ్చు.