కోరంగి చుట్టాల ఫుట్‌బాల్

2024 సెప్టెంబరు 3. హైదరాబాద్‌లోని గచ్చిబౌలి స్టేడియంలో భారత్‌తో తలపడేందుకు ఓ ఆఫ్రికా ఫుట్‌బాల్ జట్టు వచ్చింది. తొంభై నిమిషాలు ఆడినా ఎవరికీ గోల్ పడలేదు. 0-0. ఆ జట్టు మారిషస్!

మనకది పూర్తిగా పరాయి దేశమేం కాదు. చీరాల వాడరేవు నుంచి తీరం వెంబడి ఉత్తరంగా వెళ్తే కాకినాడ దగ్గర కోరంగి వస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ ఓడలెక్కి చెరకు తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్లను మారిషస్‌లో ‘కోరంగీలు’ అనేవారు. వాళ్ల వారసులు జరుపుకునే ఉగాదికి ఇప్పటికీ అక్కడ ప్రభుత్వ సెలవు.

ఇక ఆట సంగతి. మారిషస్ ఆఫ్రికా కప్పులో ఆడింది ఒకే ఒక్కసారి... 1974లో, ఈజిప్టులో. కాంగో, గినియా, జైర్ చేతుల్లో మూడు మ్యాచ్‌లూ ఓడింది. హిందూ మహాసముద్ర దీవుల క్రీడల్లో 1985, 2003 సంవత్సరాల్లో నెగ్గిన స్వర్ణాలే చెప్పుకోదగ్గ విజయాలు. పదమూడు లక్షల లోపు జనాభా ఉన్న దేశం ఇంతకన్నా ఏం చేస్తుందిలే అనుకోవద్దు. అందులో సగం జనం కూడా లేని కేప్ వెర్డీ 2026 ప్రపంచకప్‌కు అర్హత సాధించింది!

మారిషస్ కథ వేరు. అక్కడ ఒకప్పుడు స్టేడియాలు కిటకిటలాడేవి. క్లబ్బుల పేర్లేమో హిందూ కేడెట్స్, ముస్లిం స్కౌట్స్, తమిళ్ కేడెట్స్! ఎవరి మతం, ఎవరి భాష వాళ్లది. 1974 నాటి జట్టు ఆ రోజుల్లో తయారైందే. ప్రభుత్వం ఒత్తిడితో 1980ల్లో ఆ పేర్లు పోయాయి. పట్టుదలలు మాత్రం పోలేదు. 1999 మే 23న స్కౌట్స్ క్లబ్, ఫైర్ బ్రిగేడ్ మ్యాచ్ ముగిశాక అల్లరిమూకలు రాజధాని పోర్ట్ లూయీలో ఓ జూదశాలకు నిప్పంటించాయి. ఏడుగురు చనిపోయారు.

లీగ్ ఏడాదికి పైగా ఆగిపోయింది. మళ్లీ మొదలయ్యేసరికి క్లబ్బులన్నీ ఊళ్ల పేర్లతో, ప్రాంతాల పేర్లతో వచ్చాయి. అభిమానులు మాత్రం మునుపటిలా రాలేదు. టీవీలో ఇంగ్లాండ్ లీగ్ చూడటానికి అలవాటుపడ్డారు. సొంత ఆట చప్పబడింది.

నష్టమే. కానీ మనవాడా, పరాయివాడా అని లెక్కచూసి కొట్టే చప్పట్ల కన్నా ఖాళీ గ్యాలరీయే నయం కదా! మారిషస్‌లో ఓ పెద్ద స్టేడియానికి అంజలే పేరు పెట్టుకున్నారు. ఆమె 1943లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు విడిచిన చెరకు కూలీ. అన్ని వర్గాలవాళ్లూ మాది అని చెప్పుకోగల పేరది. ఆ పేరున్న మైదానంలో ఆడే జట్టూ అలాగే అందరిదీ అయితే, గెలుపు కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు.