"ఏమున్నదమ్మా ఇందులో?"

మా నాయనకు పెళ్లిలో పెట్టిన వాచీ హెచ్.ఎం.టి. తాండూరులో రోజూ పొద్దున డ్యూటీకి బయలుదేరే ముందు దానికి కీ ఇచ్చుకునేవాడు. ఆయన పోయాక అమ్మ ఆ వాచీని నా చేతిలో పెట్టి, "తమ్మునికి పంపు బిడ్డా" అంది. తమ్ముడుండేది పుణెలో. నేను దాన్ని వికారాబాదుకు తెచ్చుకుని, చేతిరుమాల్లో చుట్టి, కవరులో పెట్టి ఒక కొరియర్ ఆఫీసులో ఇచ్చాను.

"ఏమున్నదమ్మా ఇందులో?" అన్నాడు కౌంటరు దగ్గరి అబ్బాయి.

"ఏం లేదు బాబూ, పాత వాచీ."

"ధర ఎంత రాయాలె?"

"ఏదో ఒకటి రాయి."

కవరు చేరింది. మూల చిరిగి ఉంది. లోపల చేతిరుమాలు ఒక్కటే ఉంది. రసీదు వెనక సన్నటి అక్షరాల్లో ఉన్న షరతు ప్రకారం మాకు దక్కింది వంద రూపాయలు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

తీసినవాళ్లది తప్పే, కాదనను. కానీ నా వస్తువు విలువ నేనే చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? మన ఆడవాళ్లకు ఇదొక అలవాటైపోయింది. ఏం చేస్తుంటారని అడిగితే "ఏం లేదు, ఇంట్లోనే" అంటాం. ఏడాది పాటు కూడబెట్టి కొన్న చీరను "ఆఁ, మామూలుదే" అంటాం. నాలుగు రూపాయలు మిగులుతాయని వాచీని బట్టలని రాయిస్తాం. తీరా పోయాక గొంతెత్తి అడగడానికి మన చేతిలో కాగితం ఉండదు.

అందుకే చెబుతున్నాను. వాచీ పంపాలంటే ముందు వెనకవైపున్న నంబరుతో సహా ఫొటో తీసుకోండి. వాచీలు బాగుచేసే దుకాణంలో ధర రాయించుకోండి. మెత్తటి గుడ్డలో చుట్టి చిన్న గట్టి డబ్బాలో, దాన్ని ఇంకో అట్టపెట్టెలో పెట్టండి. ఊపితే చప్పుడు రాకూడదు. వాచీ కంపెనీ పేరు పైకి కనిపించకూడదు. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. స్పీడ్ పోస్టులో లక్ష రూపాయల దాకా ఇన్సూరెన్సు చేయించుకోవచ్చు. అడిగితేనే చేస్తారు, అడగండి. ఉన్న ధర ఉన్నట్టు చెప్పండి. రసీదులో రాసిన బరువు చూసుకోండి. అందుకునేవాళ్లు చిరుగు కనబడితే సంతకం పెట్టకముందే పోస్టుమ్యాన్‌కు చూపించాలి.

ఇంత చేసినా ఇన్సూరెన్సు తెచ్చేది డబ్బునే. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసేయాలని 2016లోనే ప్రభుత్వం నిర్ణయించింది. పాతవి వెతికితే ఇప్పటికీ దొరుకుతాయి. కానీ నాయన కీ ఇచ్చిన వాచీ ఏ దుకాణంలో దొరుకుతుంది? అలాంటిదాన్ని మనిషి చేతికే ఇచ్చి పంపాలి. తమ్ముడు ఎలాగూ దసరాకు వచ్చేవాడే. నేనే తొందరపడ్డాను.

నాయన పెన్ను మాత్రం నా దగ్గరే ఉంది. వాడొచ్చాక చేతికిస్తాను. "ఏముందక్కా ఇందులో?" అని అడిగితే, ఈసారి "ఏం లేదు" అనను.