జిల్లాల వరుసలో రావికమతము

ఏటేట పదవ తరగతి పరీక్షా ఫలితములు వెలువడగనే జిల్లాలను వరుసగా నిలిపి, మొదటి జిల్లా యేది, కడపటి జిల్లా యేది యని చాటుట మన రాష్ట్రమున ఆనవాయితీ యైనది. మొదట నిలిచినవారికి మెప్పులును, కడపట నిలిచినవారికి నిందలును సిద్ధముగ నుండును. పత్రికలు ఆ పట్టికను ప్రకటించును. తలిదండ్రులు దానిని నమ్మి బిడ్డల నెచ్చట చదివింపవలయునో నిర్ణయించుకొందురు. ఇంతటి గౌరవము పొందుచున్న ఆ పట్టిక దేనిని కొలుచుచున్నదో విచారించువారు మాత్రము అరుదు. పాఠశాల చెప్పిన చదువును కొలుచుచున్నదా, లేక పాఠశాల గడప త్రొక్కకమునుపే బాలుని యింట నున్న కలిమిలేములను కొలుచుచున్నదా? ఈ ప్రశ్నకు సమాధానము దొరకనంతవఱకు మన విద్యాపాలనము చీకటిలో దారి వెదకుటయే యగును.

మొదట లెక్కలనే చూతము. 2023లో రాష్ట్రమున పరీక్ష వ్రాసిన 6,05,052 మందిలో నూటికి 72.26 మంది ఉత్తీర్ణులైరి. 2024లో ఈ సంఖ్య 86.69కి ఎగసెను. 2025లో మరల 81.14కు దిగెను. ఒక్క సంవత్సరములో రాష్ట్రమందలి బాలబాలికల జ్ఞానము నూటికి పదునాలుగు పాళ్లు పెరిగి, మఱుసటి యేడు అయిదు పాళ్లు తరిగినదని యెవ్వరును నమ్మజాలరు. ప్రశ్నపత్రముల కాఠిన్యము, దిద్దువారి యుదారత, పరీక్షకు గూర్చుండినవారి తారతమ్యము, ఇవి యేటికేడు మాఱునపుడు కొలబద్దయే సాగుచు, కుదియుచు నుండును. అట్టి కొలబద్దతో జిల్లాల ఘనతను నిర్ణయించుట సాహసము.

ఈ మూడేండ్లును మొదటి స్థానము పార్వతీపురము మన్యము జిల్లాదే. కడపటి స్థానము మాత్రము 2023లో నంద్యాలకును, 2024లో కర్నూలునకును, 2025లో అల్లూరి సీతారామరాజు జిల్లాకును దక్కెను. 2025లో మొదటి జిల్లాయందు నూటికి 93.90 మందియు, కడపటి జిల్లాయందు 47.64 మందియు ఉత్తీర్ణులైరి. ఈ రెండు జిల్లాలును తూర్పు కనుమలలోనివే. రెండింటను ఆదివాసులు పెద్దసంఖ్యలో నున్నారు. పార్వతీపురము జిల్లాలో నధికభాగము పూర్వపు విజయనగరము జిల్లాలోనిది. 2011 జనాభా లెక్కలలో అక్షరాస్యత నూటికి 58.89 మాత్రమే యై, నేటి రాష్ట్రమున నున్న నాటి పదమూడు జిల్లాలలో నట్టడుగున నిలిచినది ఆ విజయనగరమే. కావున పేదఱికము, తలిదండ్రుల నిరక్షరత, అడవి, కొండ, ఇవి బాలుని నొసటి వ్రాతలని చెప్పువారికి పార్వతీపురము చాలినంత సమాధానము. అయినను, ఆ జిల్లా యే కృషివలన ముందు నిలిచినదో, సీతారామరాజు జిల్లా యే లోపమువలన వెనుకబడినదో ఈ పట్టిక ఒక్క మాటయు చెప్పదు.

జిల్లా సగటు చెప్పని సంగతు లెట్టివో తెలియవలెనన్న రావికమతము మండలమును చూచిన చాలును. ఈ మండలము 2022 ఏప్రిల్ 4వ తేదీన విశాఖపట్టణము జిల్లానుండి విడివడి క్రొత్తగా నేర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. శాసనసభకు చోడవరము నియోజకవర్గములోనిది. ఒక వంక చెఱకు, వరి పండు మైదానము. వేఱొక వంక కనుమల పాదములు, కల్యాణపులోవ జలాశయము, చీమలపాడు పంచాయతీలోని ఆదివాసుల కొండపల్లెలు. ఈ పల్లెలు రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు ప్రాంతమునకు వెలుపలివి. కనుక పాడేరు మన్యమందలి ఆదివాసికి గల ప్రత్యేక రక్షణలు, అదే కనుమల క్రిందివైపున నున్న యీ ఆదివాసికి లేవు. మైదానపు బాలునికి బడి వీథిలో నున్నది; కొండపల్లె బాలికకు బడియనగా గెడ్డ దాటి దిగవలసిన దారి. చెఱకు నరకు కాలమును, గానుగ లాడు కాలమును, పరీక్షల కాలమును ఒకదానితో నొకటి పెనగొని యుండును. కూలియింటి బిడ్డకు పొలము పిలుపు ముందా, పుస్తకము పిలుపు ముందా యన్నది ఆ యింటి పొయ్యి నిర్ణయించును. ఇట్టి యిద్దఱిని ఒక్క సగటులో కలిపి, దానిని మరల జిల్లా సగటులో కలిపివేసినపుడు ఆ కొండపల్లె బాలిక మన కంటికి కనబడునా?

ఇంతకన్న ఘోరమైన లోపము వేఱొకటి కలదు. ఉత్తీర్ణతా లెక్క పరీక్ష వ్రాసినవారితో ప్రారంభమగును. అయిదవ తరగతితోనో, ఎనిమిదవ తరగతితోనో బడి విడిచిన బాలుడు ఏ లెక్కలోను తప్పినవాడు కాడు. వాడు లెక్కలోనే లేడు. బడి విడిచినవా రెక్కువైనకొలది మిగిలినవారి శాతము మెఱుగుపడవచ్చును! ప్రవేశపరీక్ష పెట్టి ఏరుకొన్న పిల్లలతో నడచు గురుకులమునకును, తలుపు తట్టిన ప్రతి బిడ్డను చేర్చుకొను జిల్లాపరిషత్తు పాఠశాలకును ఒకే తక్కెడ పెట్టుట న్యాయము కాదు. మెప్పు శాతమునకే గనుక, వెనుకబడిన విద్యార్థి పాఠశాలకు భారముగ తోచును. ఎవని కొఱకు ప్రభుత్వ పాఠశాల వెలసినదో వానినే అది బరువుగా తలచునట్లు చేయు పద్ధతి జాతిద్రోహము గాక మఱేమి?

ఇతర దేశములు ఈ చిక్కును మనకన్న ముందే యెదుర్కొన్నవి. అమెరికాలో 1966లో జేమ్సు కోల్మను పండితుడు దాదాపు ఆఱు లక్షల విద్యార్థులను పరిశీలించి, పరీక్షలలోని హెచ్చుతగ్గులకు ఇంటి స్థితిగతులతో గల సంబంధము మిక్కిలి బలమైనదని తేల్చెను. ఇంగ్లండులో 1992నుండి పాఠశాలల పట్టికలను ప్రకటించిరి. వట్టి మార్కులతో న్యాయము జరుగదని గ్రహించి, చేరినపుడు విద్యార్థి యెచ్చట నుండెను, విడుచునపుడు ఎచ్చటికి వచ్చెను అను భేదమును కొలుచు పద్ధతిని 2016లో ప్రధానముగ చేసికొనిరి. అన్యుల పద్ధతులను యథాతథముగ తెచ్చుకొనుమని మేము చెప్పము. వారు తెలిసికొన్న సత్యమును మనము తెలిసికొనుటలో లోపమేమి?

స్వరాజ్యము వచ్చిన పిదప మనము వ్రాసికొన్న రాజ్యాంగము, పదునాలుగేండ్ల వయస్సువఱకు బాలురందఱికిని ఉచిత నిర్బంధ విద్య పదేండ్లలో కల్పింప యత్నింపవలెనని 1950లో నిర్దేశించెను. ఆ గడువు 1960తో తీఱెను. విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీన గాని అమలునకు రాలేదు. ఆ తరువాతను మన ప్రయోగములు నిలుకడలేనివే. 2022లో మూడు, నాలుగు, అయిదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించు ఉత్తరువు వచ్చెను. 2025లో అది రద్దయ్యెను. కాగితముమీద ఒక కిలోమీటరు దూరము, వానకాలమున గెడ్డ పొంగినపుడు కొండపల్లె బిడ్డకు తెగని దూరము. ఈ సంగతి ఎఱుగని ఉత్తరువు లెన్ని వచ్చినను ఫలము శూన్యము. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుండి సవరల భాష నేర్చి, వారి బిడ్డలకు వారి నుడిలోనే చదువు చెప్పించిరి. బాలుడు నిలిచిన చోటికి బడి పోవలయునను సూత్రమును మన కాచరించి చూపినవారు ఆ మహనీయులు.

ప్రభుత్వమును మేము కోరునది గొంతెమ్మ కోరిక కాదు. పాఠశాలలవారీగ విద్యార్థుల సంఖ్య, వారిలో షెడ్యూలు కులముల, తెగల బిడ్డ లెందఱు, ఉపాధ్యాయు లెందఱు అను వివరములు యూడైస్ లెక్కలలో ఏటేట చేరుచునే యున్నవి. పరీక్షా ఫలితములు వేఱొక కార్యాలయమున నున్నవి. ఈ రెంటిని ఒక్కచోట చేర్చి, బిడ్డల పేరులు బయటపెట్టకుండ, మండలములవారీగ ప్రకటింపవలయును. ఆఱవ తరగతిలో చేరినవా రెందఱు, వారిలో పదవ తరగతి పరీక్ష వ్రాసినవా రెందఱు అను లెక్క ఉత్తీర్ణతా శాతము ప్రక్కనే యుండవలయును. ఉపాధ్యాయ స్థానము లెన్ని ఖాళీగ నున్నవో, బిడ్డ యెంత దూరము నడచుచున్నదో, ఇంట నేమి భాష మాటలాడుచున్నదో అందు కనబడవలయును. ఒకే స్థితిగతులు గల పాఠశాలలను ఒకదానితో నొకటి పోల్చి, కష్టములో మెఱుగైన ఫలితము చూపిన పాఠశాలయొక్క పద్ధతిని తక్కినవాటికి నేర్పవలయును. వెనుకబడిన పాఠశాలకు నిందాపత్రము గాక, మొదట ఉపాధ్యాయుని పంపవలయును.

రావికమతము ప్రజలకును ఒక మాట. మీ పాఠశాలలలో తలిదండ్రుల సంఘములు కలవు. వచ్చు ఫలితముల దినమున జిల్లాకు ఎన్నవ స్థానము వచ్చినదని అడుగకుడు. మన కొండపల్లెలనుండి ఆఱవ తరగతిలో చేరిన బిడ్డ లెందఱు, నేడు పదవ తరగతి దాటినవా రెందఱు, తక్కినవారెచ్చట నున్నారు అని యడుగుడు. ఈ ప్రశ్నను ప్రతి మండలమును అడిగిననాడు ప్రభుత్వము సమాధానము చెప్పక తప్పదు.