ఇంట్లో సినిమా, ఇంటిపేరు లేని మనం

"సినిమాని సినిమాలా చూడండి, అందులోనూ కులం వెతుకుతారేంటి?" అని నాకు సలహాలిచ్చే పెద్దమనుషుల కోసం ఈ వారం రాస్తున్నాను. నేను వెతకడం లేదు బాబూ, పోస్టరు మీదే రాసుంది. సమరసింహారెడ్డి (1999), నరసింహనాయుడు (2001), చెన్నకేశవరెడ్డి (2002), నిన్నగాక మొన్న వీరసింహారెడ్డి (2023). తొడగొట్టి కులం పేరు చెప్పుకుంటే అది మాస్. ఒక మాల కుర్రాడో మాదిగ పిల్లో తన కులం చెప్పుకుని తెర మీదికొస్తే మాత్రం అది 'కులగజ్జి'.

థియేటర్లో ఈలల మధ్య ఇదంతా ఆలోచించే తీరిక ఉండదు. ఇంట్లో రిమోట్ మన చేతిలో ఉంది. ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ చూడొచ్చు. లాక్‌డౌన్ నుంచీ నేను చేస్తున్నది అదే. చూసినకొద్దీ ఒకటే అర్థమైంది. తెలుగు తెరకు మన కన్నీళ్ళు కావాలి. మన పేరు మాత్రం చెప్పుల్లాగా గుమ్మం బయటే విడిచి రావాలి.

'కలర్ ఫొటో' తీసుకోండి. 2020లో ఆహాలో వచ్చింది, జాతీయ అవార్డు కూడా తెచ్చుకుంది. సుహాస్ నటనకు వంక పెట్టను. పాలమ్ముకుని చదువుకునే పేద కుర్రాడు, పలుకుబడి ఉన్న ఇంటి అమ్మాయి, అడ్డంపడే పోలీసు అన్న. దినుసులన్నీ కులం కథవే. తీరా వండి వడ్డించేసరికి అది నలుపు-తెలుపు కథ అయిపోయింది. నల్లగా ఉన్న పెద్దకులం అల్లుడికి కాళ్ళు కడిగి పిల్లనిచ్చిన ఇళ్ళు నేను బోలెడు చూశాను. తెల్లగా ఉన్న మాదిగ కుర్రాడికి కాళ్ళు కడిగిన పెద్దకులం ఇల్లు ఒక్కటి చూపించండి. రంగు వివక్ష లేదని నేననను. అది ఉంది, మన ఆడపిల్లల్నే ఎక్కువ కాలుస్తుంది. కానీ కులం గురించి మాట్లాడాల్సిన చోట రంగు గురించి మాట్లాడటం తప్పించుకోవడమే.

సీరియళ్ళదీ అదే దారి. 'కార్తీకదీపం'లో నటి ముఖానికి నల్లరంగు పూసి ఏళ్ళ తరబడి ఏడిపించారు. మా అమ్మ ఒక్క ఎపిసోడూ వదల్లేదు. ఓ రోజు ఉన్నట్టుండి అడిగింది: "ఒరే, ఇంతింత ఇళ్ళు చూపిస్తారు, ఆ దొడ్లో పేడకళ్ళు ఎత్తేవోళ్ళు ఒక్కళ్ళూ కనపడరేంట్రా?" నా దగ్గర జవాబు లేదు. నేను చూసిన ఏ తెలుగు సీరియల్లోనూ గోడకి అంబేద్కర్ ఫోటో ఉన్న ఇల్లు కనపడలేదు. మా గూడెంలో ఆ ఫోటో లేని ఇల్లు లేదు.

పేరు దాచడం ఒక ఎత్తు. మన చావును వాళ్ళ కథగా మార్చుకోవడం ఇంకో ఎత్తు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికొస్తున్న ప్రణయ్‌ని నరికి చంపారు. రెండేళ్ళు తిరక్కుండానే రాంగోపాల్ వర్మ ఆ కథతో 'మర్డర్' అని సినిమా ప్రకటించాడు. ఎప్పుడో తెలుసా? ఫాదర్స్ డే నాడు! చంపించాడని కేసున్న తండ్రి బాధ చుట్టూ ప్రచారం నడిచింది. మొగుణ్ణి పోగొట్టుకున్న పిల్ల కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. కోర్టు శిక్ష వేసిన నేరం తెరకెక్కేసరికి 'తండ్రి ప్రేమ' అయింది. ఇలాంటివి చూస్తూ పెరిగే పిల్లలు రేపు ఎవరి పక్కన నిలబడతారు?

మరి మంచివి లేవా అంటే, ఉన్నాయి. 2021లో ప్రైమ్‌లో వచ్చిన 'జై భీమ్' చూసి మన హాస్టళ్ళన్నీ ఏడ్చాయి. నేనూ ఏడ్చాను. అందులో లాయరు పోరాడి గెలిపిస్తాడు. నిజంగా చంద్రు గారు పోరాడారు, ఆయనకు దండం. కానీ నాకు కోర్టు వాదనల కంటే చివర్లో ఆ చిన్నపిల్ల కుర్చీలో కాలు మీద కాలేసుకుని పేపరు విప్పడమే గుర్తుండిపోయింది. ఆ పిల్ల పెద్దయ్యాక ఏం చేసిందన్నదే నేను చూడాలనుకుంటున్న సినిమా. అదే ఏడాది వచ్చిన 'సార్పట్ట పరంపర'లో పా. రంజిత్ ఆ పని చేశాడు. అక్కడ మనవాళ్ళు దెబ్బలు తినడానికే పుట్టలేదు. పోట్లాడతారు, మురుస్తారు, ఓడతారు, మళ్ళీ లేస్తారు. మారియమ్మ మొగుణ్ణి నిలదీస్తుంది, కాళ్ళకు మొక్కదు.

తెలుగులో 'పలాస 1978' ఆ దారిన నడిచింది. 2020 మార్చిలో విడుదలైంది, నెల తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చి హాళ్ళు మూతపడ్డాయి. 'లవ్ స్టోరీ' దళిత హీరోని ధైర్యంగా నిలబెట్టింది. సగం దూరం వచ్చాక భారమంతా అమ్మాయి బాబాయి చేసిన నేరం మీదికి మళ్ళించింది. ఆ నేరం గురించీ మాట్లాడాల్సిందే. కాకపోతే బాబాయి ఒక్కడు దుర్మార్గుడని తేలితే ఊరంతా ఊపిరి పీల్చుకుంటుంది. కులానికి ఒక్క విలన్ చాలడు తమ్ముడూ, దానికి ఊరు ఊరంతా కావాలి.

"మీరే తీసుకోవచ్చుగా" అంటారు. తీస్తాం. స్టూడియోలు, హాళ్ళు, పెట్టుబడి ఎవరి చేతుల్లో ఉన్నాయో తెలిసీ అడుగుతున్నారు కదా, అయినా తీస్తాం. నాగరాజ్ మంజులే, మారి సెల్వరాజ్ ఆకాశం నుంచి ఊడిపడలేదు.

అప్పటిదాకా హాస్టళ్ళలో ఉన్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక పని చెప్తున్నాను. ఈ ఆదివారం ఒక గదిలో లాప్‌టాప్ చుట్టూ పదిమంది కూర్చోండి. ఏ తెలుగు సినిమా అయినా పెట్టుకోండి. ఎవరికి ఇంటిపేరు ఉంది, ఎవరికి ఉట్టి పేరే ఉంది, ఎవరిల్లు లోపలినుంచి చూపించారు, ఎవరిని వాకిట్లోనే నిలబెట్టారు, కాగితం మీద రాయండి. తర్వాత ఆ వాకిట్లో నిలబెట్టిన మనిషి కథ రెండు పేజీలు మీరే రాయండి. ఇంటిపేరుతో సహా. రాసినవి నాకు పంపండి, వచ్చేవారం వాటితోనే మొదలుపెడదాం.

జై భీమ్.